లెక్కలో ఒక్కటే

"నలభై కంప్యూటర్లున్నాయని మీరంటున్నారు. మీ సర్వర్ లెక్కలో మాత్రం ఒక్కటే ఉందండీ" అని హెల్ప్‌లైన్ అమ్మాయి అన్న మాట దగ్గర పిచ్చుకని వదిలేసి, పోయినవారం మన దారిన మనం వెళ్లిపోయాం. మనకేం, వారమంతా తిన్నాం, పడుకున్నాం. ఆ పిల్ల మాత్రం ఫోను చెవికి ఆనించుకుని ల్యాబు గుమ్మంలో ఇంకా అలాగే నిలబడి ఉంది.

మరిచిపోయినవాళ్ల కోసం, ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం చదువుకునే ఆడవాళ్ల కాలేజీ అది. వాళ్ల పరీక్ష ఆ కాలేజీ ల్యాబులోనే, కంప్యూటర్ల మీదే జరుగుతుంది. ల్యాబు చూసుకునేది పిచ్చుక. చిన్నప్పుడు మేనమామ ముద్దుగా పెట్టిన పేరది, ఇప్పుడు ప్రిన్సిపాల్ మేడమ్ నోట కూడా అదే పేరు. ఈ ఏడు కాలేజీ వాళ్లు కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకే లైసెన్సు కొని, దాని తాళంచెవిని సర్వర్‌లో పెట్టారు. ప్రతి కంప్యూటరూ ఆ సర్వర్ దగ్గరికి వెళ్లి అడగాలి, అది సరేనని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. ఇచ్చిన గడువు కాస్తా దాటిపోయింది. సరిగ్గా పరీక్ష బోర్డు అధికారి తనిఖీకి వచ్చిన రోజునే నలభై తెరలూ నల్లబడి, ఒక్కోదాని కింది మూలన 'యాక్టివేట్ చేసుకోండి' అనే అక్షరాలు వెలిశాయి.

లైసెన్సు లేని కంప్యూటర్ల మీద పరీక్ష పెట్టకూడదని బోర్డు నియమం. ఐదింటికి కారు వస్తుందనీ, ఈలోపు శుభ్రమైన తెరలు చూపిస్తే సరే, లేకపోతే ఈ కేంద్రం రద్దని రాసి వెళ్లిపోతాననీ చెప్పి అధికారి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాడు. కేంద్రం రద్దయితే పరీక్ష ఇంకో ఊళ్లో. పనులు మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి అంత దూరం వెళ్లగలిగినవాళ్లు ఆ ఆడవాళ్లలో సగం మంది కూడా ఉండరు. కాలేజీ మూసుకోవడమే. పిచ్చుక జీతమూ పోయినట్టే.

ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. అంతకుముందు ఈ ల్యాబు ఆమె అక్క చేతిలో ఉండేది. పోయినేడు పరీక్షలో అందరిచేతా కాపీ కొట్టించిందని నింద వేసి అక్కని పంపేశారు. ఆ ఏడు రాసినవాళ్ల ఫలితాలన్నీ ఆపేశారు. కాలేజీ గేటు దగ్గర వాళ్లు తిట్టిన తిట్లు విన్నాక అక్క మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు. ఇప్పుడు ఇంట్లో వండుతుంది, ఊడుస్తుంది, కిటికీలు వేసేస్తుంది. పిలిస్తే పలుకుతుంది, అంతే.

ఇక కథలోకి.

ఫోనులో అమ్మాయి ఓపికస్తురాలు. కనీసం పాతిక వేర్వేరు కంప్యూటర్లు వచ్చి అడిగేదాకా ఆ సర్వర్ ఎవరికీ సరే అనదని వివరించింది. ఒకే డిస్కును అన్నిటికీ కాపీ చేసి, లోపలి గుర్తింపు మార్చకుండా వదిలేశారేమో చూసుకోమంది. మావాళ్లు అలాంటి పని చేయరండీ అని పిచ్చుక ఠక్కున అనేసింది. ఫోను పెట్టేశాక మొదటి వరసలో ఒక కంప్యూటరు ముందు కూర్చుని లోపలి గుర్తింపు బయటికి రప్పించింది. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి తోక. పక్కదానిలో చూసింది. అదే తోక. వెళ్లి చివరి వరసలో చూసింది. అక్కడా అదే.

నలభై మంది పిల్లలు వరసలో నిలబడి, పేరేంట్రా అంటే ఒకడి తర్వాత ఒకడు అదే పేరు, అదే ఇంటిపేరు చెప్పారనుకోండి. కళ్లు మూసుకుని హాజరు వేసే పంతులు ఏమనుకుంటాడు? ఒక్కడే వచ్చి నలభైసార్లు అరుస్తున్నాడనుకుంటాడు. సర్వర్ కూడా సరిగ్గా అదే అనుకుంది. పాపం దాని తప్పేమీ లేదు.

తప్పు ఎవరిదో పిచ్చుకకి వెంటనే తెలిసింది. తెలియగానే మనసు చివుక్కుమంది. ఈ ల్యాబు నిలబెట్టింది మేనమామ. తండ్రి పోయాక అక్కాచెల్లెళ్లిద్దరినీ రెక్కల కింద పెట్టుకుని పెంచిన మనిషి. రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్లలోకి వచ్చాడు. ఏదీ ఒకరి దగ్గర నేర్చుకోలేదు, అన్నీ విప్పి చూసి నేర్చుకున్నవే. వేరేవాళ్లు నెల పడుతుందన్న పనిని ఆయన రెండ్రోజుల్లో తేల్చేశాడు. ఒక కంప్యూటరును ముచ్చటగా సిద్ధం చేసి, దాన్నే మిగతా వాటన్నిటిలోకీ దింపేశాడు. అప్పటి నుంచీ కాలేజీలో ఏ స్విచ్చు పాడైనా ఆయనే. ల్యాబులోకి వచ్చినప్పుడల్లా నా నలభై మంది పిల్లలూ ఎలా ఉన్నారే అని అడిగేవాడు. పిల్లలు బాగానే ఉన్నారు, పేరు మాత్రం అందరికీ ఒకటే పెట్టాడు.

ఈలోగా ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. మొహం మీద నవ్వు అధికారి కోసం తెచ్చుకున్నది, తలుపు మూయగానే అది ఊడిపోయింది. ఎంతవరకూ వచ్చిందని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే, తెర మూలల మీద కాలేజీ గుర్తు ఉన్న స్టిక్కర్లు అంటించేస్తే ఎలా ఉంటుందని ఒక ఉపాయం చెప్పింది. స్టోరులో బోలెడు ఉన్నాయట. స్టిక్కరు చుట్టూ ఉన్న నలుపు సంగతేంటి మేడమ్ అని పిచ్చుక మెల్లగా అడిగింది.

"చూడమ్మా, మీ అక్క చేసిన నిర్వాకం నుంచే ఈ కాలేజీ ఇంకా తేరుకోలేదు" అంది మేడమ్. "ఇవాళ నువ్వు కూడా ముంచావంటే, మీ ఇంటి మనిషిని మళ్లీ ఈ గుమ్మం తొక్కనివ్వను. మీ మామయ్యతో సహా."

ఆ మాటకి పిచ్చుక కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ తిరిగినచోటే ఆపుకుంది. పని పూర్తయ్యేదాకా ఏడవడానికి వీల్లేదని తనకి తనే చెప్పుకుంది.

మామయ్యని పిలిపించింది. ఆయన స్టోరులో ఏదో పాత బ్యాటరీ విప్పుతూ ఉన్నవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కూర్చోబెట్టి, నొప్పించకుండా చెప్పాలని ఎంతో ప్రయత్నించింది. చివరికి ఉన్నది ఉన్నట్టే చెప్పింది. అన్నిటికీ గుర్తింపు ఒకటే అయిపోయింది మామయ్యా, తుడిచేసి ఒక్కోదానికీ కొత్తది పుట్టించాలి అంది. ఆయన గొడవపడతాడని అనుకుంది. నా పనికి వంక పెడతావా అంటాడని అనుకుంది. ఆయన మాత్రం తుడుద్దాం పద అన్నాడు.

ఐదు వరసలు, వరసకి ఎనిమిది. మొదటి వరసలో పిచ్చుక, రెండో వరసలో మామయ్య. ఆదేశం ఇస్తే కంప్యూటరు కాసేపు గింజుకుని ఆరిపోతుంది. మళ్లీ వెలిగాక ఇవాళే పుట్టినట్టు మొహం పెట్టి, ఏ భాష కావాలి, ఏ కీబోర్డు వాడతారు, మీ పేరేంటి అని మొదటినుంచీ అడుగుతుంది. ఒకటి అడిగే ప్రశ్నలకి జవాబు చెప్తూ ఇంకోదాన్ని ఆర్పుతూ, రెండు వరసలూ ముగించారు. పిచ్చుక సర్వర్ దగ్గరికి పరుగెత్తి చూసింది. ఒకటి దగ్గర మొండికేసిన లెక్క పదిహేడుకి వచ్చింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

తిరిగొచ్చి మూడో వరస మొదటి కుర్చీలో కూర్చుంది. తుడిచే ముందు ఎందుకో ఆ పొడుగాటి తోకని ఇంకోసారి చూసింది. ఇన్ని కంప్యూటర్లు, ఒకే గుర్తింపు. బయటివాడెవడైనా దూరం నుంచి చూస్తే, ఇక్కడ ఉన్నది ఒకటే కంప్యూటరనుకుంటాడు. ఒకటే కంప్యూటరు.

చెయ్యి ఆగిపోయింది.

ఆ మాట వాళ్లింట్లో అందరికీ కంఠతా వచ్చు. పోయినేడు విచారణలో బోర్డువాళ్లు అక్కని నిలబెట్టి అడిగిన ప్రశ్న అది. పరీక్ష రాసినవాళ్లందరి జవాబులూ ఒకే ఒక్క కంప్యూటర్ నుంచి మాకు చేరాయి. అంటే ఎవరో ఒకచోట కూర్చుని అందరికీ రాసిపెట్టారు. గదిలో కాపలా ఉన్నది మీరు. ఏమంటారు? నేను అలాంటి పని చేయలేదు అని అక్క ఒక్క మాట అంది. ఆ తర్వాత ఎన్ని అడిగినా నోరు తెరవలేదు. మాట్లాడనిదాన్నే తప్పు చేసినదంటారు కదా, అలాగే అన్నారు.

ఎవరూ ఎవరికీ రాసిపెట్టలేదు. నలభై మందీ నలభై కుర్చీల్లో కూర్చుని, ఎవరి జవాబులు వాళ్లే రాసుకున్నారు. కంప్యూటర్లన్నీ ఒకే పేరు చెప్పాయి, అంతే. ఆ ఒక్క సంగతికి అక్క బతుకు బండలైంది.   అక్క ఏ తప్పూ చేయలేదు. ఈ మాట పిచ్చుక ఎన్నోసార్లు అనుకుంది, కానీ లోపల ఎక్కడో ఒక మూల అనుమానం కూడా పడింది. ఆ అనుమానానికి ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వెంటనే ఇంకో సంగతి తట్టింది. దాంతో ప్రాణం సగం పోయింది. అక్క పేరు కడిగే సాక్ష్యం ఈ కంప్యూటర్లలోనే ఉంది. ఆ సాక్ష్యాన్నే తను పొద్దుటి నుంచి తుడుస్తోంది. ఐదింటికల్లా అంతా తుడిస్తేగానీ కాలేజీ నిలబడదు. తుడిస్తే అక్క ఎప్పటికీ దోషిగానే మిగిలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనరు.

ఇలాంటప్పుడు కొందరు దేవుణ్ని తలుచుకుంటారు. పిచ్చుక కూడికలు తలుచుకుంది. సర్వర్‌కి కావలసింది నలభై కాదు, పాతిక. రెండు వరసలు అయిపోయాయి, మూడోది తుడిస్తే ఇరవై నాలుగు. చివరి రెండు వరసలూ ముట్టుకోకుండా వదిలేస్తే, అవన్నీ కలిసి ఒక్కటి. మొత్తం పాతిక. పాతిక నిండగానే సర్వర్ అడిగినవాళ్లందరికీ సరే అంటుంది, ఆ చివరి రెండు వరసలతో సహా. తెరలన్నీ శుభ్రపడతాయి. సాక్ష్యం సాక్ష్యంగానే ఉంటుంది. ఆ లెక్కని రెండుసార్లు వేళ్లు మడిచి చూసుకుంది. తప్పు లేదు.

మామయ్య చెయ్యి పట్టుకుని చెప్పింది. గుక్క తిప్పుకోకుండా, అంతా. ఆయన వింటూ తల దించుకున్నాడు. మూడో వరస మాత్రం తుడువు మామయ్యా, చివరి రెండు వరసల్లో చెయ్యి పెట్టకు, అక్క పేరు వాటిల్లోనే ఉంది అంది. ఇప్పుడే వెళ్లి ఆ అధికారిని తీసుకొస్తానంది.

"ఆయనకి చూపిస్తే, చేసిందెవరని అడుగుతాడు కదే" అన్నాడు మామయ్య.

"అడుగుతాడు. పొరపాటని చెప్దాం. నీతో పాటు నేనూ నిలబడతాను."

ఆయన ఆమె మొహంలోకి చూసి వెళ్లు అన్నాడు. పిచ్చుక వెళ్లింది. తన ఫోను తీసి ఆ తెరలకి రెండు ఫొటోలు కొట్టి ఉంటే కథ ఇంకోలా ఉండేదని మీరంటారు. నిజమే. ఇల్లు కాలుతున్నప్పుడు ముందు నీళ్లబిందె వైపు పరుగెత్తుతాం గానీ ఫొటోలు గుర్తొస్తాయా? పైగా ల్యాబులో ఉన్నది పరాయివాడు కాదు.

ప్రిన్సిపాల్ గదిలో అధికారి ఫోనులో ఉన్నాడు. పై అధికారితో అనుకుంటా, ప్రతి మాటకీ ముందొక సార్, వెనకొక సార్. పిచ్చుక గోడ పక్కన నిలబడింది. మేడమ్ కనుబొమలతో ఏంటని అడిగింది, తను కనుబొమలతోనే ఆగమంది. ఆ సార్లు ఎంతకీ తెగలేదు. చివరికి ఆయన ఫోను పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఏమ్మా అయిందా అన్నాడు.

అవుతోందని చెప్పి, అక్క సంగతి ఎత్తింది. మేడమ్ మధ్యలోనే అందుకుని, పాత చెత్త ఇప్పుడెందుకు తవ్వుతావని కసిరింది. మీ అక్క వల్ల కాలేజీకి పోయిన పరువు చాలదా అంది. పిచ్చుక ఆపలేదు. చెప్పవలసిందంతా చెప్పేసింది.  అధికారి కళ్లద్దాలు పెట్టుకోవడం మరిచిపోయి విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, బోర్డులో అలాంటివాళ్లు కూడా అక్కడక్కడా ఉంటారు.

"ఆ ఫైలు నేను చూశానమ్మా" అన్నాడు. "ఒకే కంప్యూటర్ అన్న ముక్క నాకూ మింగుడు పడలేదు. ఒకే కుర్చీలో కూర్చుని అంతమందికి ఎవరు రాయగలరు? కానీ రుజువు లేదు. నాకు మాటలొద్దు. ఒకే గుర్తింపు ఉన్న కంప్యూటర్లు రెండంటే రెండు పక్కపక్కన చూపించు. ఫైలు నేనే మళ్లీ తెరిపిస్తాను."

రెండు చాలు. పదహారు ఉన్నాయి. వరండాలో ఆయన ముందు నడుస్తుంటే పిచ్చుక కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి వెళ్లి కిటికీలన్నీ తనే తెరవాలనుకుంది. అక్కని గేటు దగ్గర తిట్టిన ప్రతి మనిషి ఇంటికీ తీసుకెళ్లాలనుకుంది. వెనక మేడమ్ చెప్పులు టకటకా కోపంగా వస్తూనే ఉన్నాయి.

ల్యాబు తలుపు తీశారు. గది నిండా వెలుగు. నలభై తెరలూ నీలంగా, మచ్చ లేకుండా మెరుస్తున్నాయి. మేడమ్ కోపం మరిచిపోయి హమ్మయ్య అంది. మామయ్య చివరి వరస చివరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందున్న తెర మాత్రం ఏ భాష కావాలని ఇంకా అడుగుతోంది.

పిచ్చుకకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేదు. అధికారిని నాలుగో వరసకి తీసుకెళ్లి మొదటిదానిలో గుర్తింపు తీసింది. పక్కదానిలో తీసింది. వేర్వేరు. ఇంకొంచెం అవతల చూసింది, వేరే. చివరి వరసకి వెళ్లింది. ఒక్కో కుర్చీలో కూర్చోవడం, తీయడం, లేవడం. వేళ్లు తప్పు అక్షరాల మీద పడుతున్నాయి, మళ్లీ కొడుతోంది. ఏ రెండూ ఒకటి కాలేదు. అధికారి కొంతసేపు వెంట తిరిగాడు. తర్వాత ఆగి, ఆమె తల మీద చెయ్యి వేయబోయి మానుకుని, ఇక చాలమ్మా అన్నాడు. అక్క మీద ప్రేమ కొద్దీ ఏదో ఊహించుకున్నావనీ, అందులో తప్పేమీ లేదనీ మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనాన్ని ఆమె భరించలేకపోయింది. అబద్ధం చెప్పావని తిట్టినా బాగుండేది.

కేంద్రానికి అనుమతి ఇస్తున్నట్టు ఆయన అక్కడే సంతకం పెట్టాడు. మేడమ్ మామయ్య దగ్గరికి వెళ్లి, మీ చెయ్యి పడితే కానిదేముంది అని మెచ్చుకుంది. ఇద్దరూ వెళ్లిపోయారు. కింద కారు తలుపు వేసిన చప్పుడు కూడా వినిపించింది. పరీక్ష ఇక్కడే జరుగుతుంది. కాలేజీ నిలబడింది. పిచ్చుక ఉద్యోగం నిలబడింది. పొద్దున ఆమె కోరుకున్నవన్నీ ఆమెకి దక్కాయి.

"ముట్టుకోవద్దన్నాను కదా మామయ్యా."

ఆయన స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"మరిచిపోయానని చెప్పు. పొరపాటున చేశానని చెప్పు. నమ్ముతాను."

"మరిచిపోలేదు" అన్నాడు ఆయన.

అప్పుడు పిచ్చుకకి మిగతాది కూడా తెలిసింది. పొద్దున తను గుర్తింపు ఒకటే అని చెప్పినప్పుడు ఈ మనిషి ఎందుకు ఆశ్చర్యపోలేదో, పోట్లాడకుండా తుడుద్దాం పద అని ఎందుకు అన్నాడో తెలిసింది. ఎప్పటినుంచి తెలుసు అని అడిగింది. విచారణకి ముందురోజు నుంచి అని చెప్పాడు. అంటే అక్కని నిలబెట్టి అడుగుతుంటే ఆ గది బయట బెంచీ మీద కూర్చుని, అంతా తెలిసీ ఊరుకున్నాడు. ఇన్నాళ్లూ అక్క వడ్డిస్తే తిన్నాడు. తమని పెంచిన చేతులవి. ఆ చేతుల్ని చూస్తుంటే ఆమెకి అసహ్యం వేసింది. అసహ్యం వేసినందుకు ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు బయటపడింది.

కళ్లు తుడుచుకుని బ్యాగు భుజాన వేసుకుంది. రుజువు లేకపోతే పోనీ, ఈ సంగతి ఇవాళే అక్కకి చెప్తానంది. ఆ ఇంట్లో ఎవరుండాలో ఎవరు పోవాలో అక్కే తేలుస్తుందంది. మామయ్య లేచి తలుపుకి అడ్డంగా వచ్చాడు. ఆపడానికి కాదు, నిలబడలేక తలుపు పట్టుకున్నట్టుంది.

"మీ అక్కకి నువ్వేం చెప్తావే?" అన్నాడు. "విచారణకి ముందురోజు ఇదే గదిలో నన్ను కూర్చోబెట్టి, రెండు కంప్యూటర్లు పక్కపక్కన తెరిచి, ఇది నాకు చూపించింది మీ అక్కే."